నాలుగు బుష్షుల కోసం నాలుగు నెలలు

నెల్లూరు నుంచి చెన్నై వస్తున్నాం. నాయుడుపేట దాటాక ఎన్‌హెచ్ 16 మీద ఒక లారీని దాటి ఎడమ లేన్‌లోకి వచ్చాను. స్టీరింగ్ తిప్పడం అయిపోయింది, కారు ముందు భాగం సర్దుకుంది. ఆ తర్వాత, ఒక్క క్షణం ఆలస్యంగా, వెనక భాగం మళ్లీ పక్కకి జరిగి కుదురుకుంది. వెనకసీట్లో నిద్రపోతున్న అమ్మ లేచి, "ఏందిరా అది, ఎవరో వెనకనించి నెట్టినట్టుంది" అంది. అమ్మకి కార్ల గురించి ఏమీ తెలియదు. అయినా అంతకంటే కచ్చితంగా ఆ లోపాన్ని ఇంకెవరూ చెప్పలేదు.

నాది 2008 మోడల్ బీఎండబ్ల్యూ 325ఐ, ఈ90 తరం. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉన్న 2.5 లీటర్ల ఇంజిన్, నడిపేది వెనక చక్రాలు. నేను రెండో ఓనర్ని. అప్పటికి 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. మలుపులో ఈ కారు ఎలా కూర్చుంటుందో తెలిసినవాడికి అది కూర్చోవడం మానేసిన రోజు చాలా బాధగా ఉంటుంది.

లారీ దగ్గర జరిగింది ఒక్కటే కాదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసి మళ్లీ వేస్తే కింద నుంచి 'టక్' మని చప్పుడు. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగితే వెనక ఏదో బరువైనది పడినట్టు మొద్దు శబ్దం. వెనక టైర్లు లోపలి అంచున త్వరగా అరిగిపోతున్నాయి. ముందు ఒక పెద్ద వర్క్‌షాప్‌కి తీసుకెళ్లాను. వెనక షాక్ అబ్జార్బర్లు పోయాయన్నారు, మార్చారు, బిల్లు కట్టాను. స్పీడ్ బ్రేకర్ మీద చప్పుడు కొంచెం మెత్తబడింది, మిగతావన్నీ అలాగే ఉన్నాయి. అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, రెండుసార్లు చేయించాను. వారం తిరిగేసరికి అంకెలు మళ్లీ మారిపోయేవి. ఆ మారడమే అసలు ఆధారమని అప్పుడు నాకు తట్టలేదు.

అంబత్తూరులో గూడూరు నుంచి వచ్చి స్థిరపడిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. నేను అన్నా అంటాను, ఆయన నన్ను అబ్బయా అంటాడు. కారు లిఫ్ట్ మీద ఎక్కించి, టామీ రాడ్ (పొడవాటి ఇనుప కడ్డీ) పెట్టి సబ్‌ఫ్రేమ్‌ని, అంటే వెనక చక్రాల్ని పట్టుకునే చట్రాన్ని, ఒకసారి ఎగదోశాడు. "అబ్బయా, షాకులు కాదు ఇది. చట్రమే ఊగతా ఉంది చూడు" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. దాంతో నా పాత ఫోన్‌ని టేపుతో కారు కింద గట్టిగా కట్టి, కెమెరాని చట్రానికీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు దిండు, అంటే వెనక బుష్, వైపు తిప్పి, వీడియో ఆన్ చేసి, ఎస్టేట్ రోడ్ల మీద ఒక రౌండ్ తిప్పాం. ఆ వీడియో చూశాక ఇక మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు. కాలు వేసినప్పుడు చట్రం ముందుకి, తీసినప్పుడు వెనక్కి, నా అంచనాలో 7, 8 మిల్లీమీటర్లు జరుగుతోంది. రబ్బరు లోపలి గొట్టం నుంచి సగం చుట్టూ ఊడిపోయింది. మీకు ఇలాంటి అనుమానం ఉంటే, ఇంకేదైనా మార్చే ముందు ఈ ఫోన్ పని చేయండి. షాకుల బిల్లు కంటే చాలా చవక.

వెనక సబ్‌ఫ్రేమ్ అంటే బాడీ కింద ఉండే ఇనుప చట్రం. ఇంజిన్ శక్తిని రెండు వెనక చక్రాలకీ పంచే పళ్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్, దాని మీదే ఉంటుంది. ఒక్కో చక్రానికి ఐదు లింకులు, అంటే చక్రాన్ని పట్టుకునే కడ్డీలు, అవన్నీ ఈ చట్రాన్నే పట్టుకుని ఉంటాయి. చట్రాన్ని బాడీకి కలిపేవి నాలుగు బోల్టులు, ఆ బోల్టుల చుట్టూ నాలుగు బుష్షులు. మంచం కోళ్లు వదులైతే నులక ఎంత బిగించి ఏం లాభం? కొత్త షాకులు వేసినా, అలైన్‌మెంట్ చేయించినా నాకు జరిగింది అదే.

ఈ కదలిక ఎంత చెడ్డదో ఒక చిన్న లెక్క వేసుకుంటే తెలుస్తుంది. కుడి, ఎడమ బుష్షుల మధ్య దూరం ఒక మీటరు అనుకుందాం. ఒకవైపు బుష్ 5 మిల్లీమీటర్లు ముందుకి పోయి, రెండోది కదలకుండా ఉంటే చట్రం మొత్తం 0.29 డిగ్రీలు తిరుగుతుంది. అంటే వెనక చక్రాలు రెండూ కలిసి అంత స్టీరింగ్ తిప్పినట్టు. అలైన్‌మెంట్ మెషిన్ దగ్గర 0.1 డిగ్రీ తేడా ఉంటే మనం ఒప్పుకోం. ఇక్కడ దానికి మూడింతలు, అదీ నడుస్తుండగా, మనం అడక్కుండానే.

సరే, మార్చాలి. దేనితో?

నా మనసు అల్యూమినియం మీదే ఉంది, దాచుకోవడానికేం లేదు. కదలికే జబ్బయితే అసలు కదలనిదే మందు అనిపించింది. మా బావమరిదిది అదే తరం 3 సిరీస్. శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ కోసమే తయారు చేసుకున్నాడు. వెనకసీటు కూడా తీసేశాడు. సబ్‌ఫ్రేమ్‌కి నాలుగూ గట్టి అల్యూమినియం బుష్షులు, డిఫరెన్షియల్‌కి గట్టి పాలీ, అంటే పాలీయురెథేన్ ప్లాస్టిక్ బుష్షులు. "బావా, నువ్వు ముందు కూర్చుని చూడు, తర్వాత మాట్లాడదాం" అని ఒక ఆదివారం తీసుకెళ్లాడు.

1990 నుంచి ఉన్న ట్రాక్ అది, చుట్టు 3.7 కిలోమీటర్లు. ఆ చుట్టు మీద ఆ కారు ఎలా ఉందో చెప్తాను. స్టీరింగ్ తిప్పగానే ముందూ వెనకా ఒకే ముక్కలా తిరిగాయి. మలుపు మధ్యలో కాలు తీసినా వెనక భాగం తొణకలేదు. వెనక టైరు పట్టు ఎక్కడ సడలుతోందో నడుముకి తెలిసిపోతోంది. ఇదే కావాలి అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో బెంగళూరు హైవే మీద గంటకి 80లో వస్తున్నప్పుడు వాడు ఏదో అడిగాడు, నాకు వినపడలేదు. రెండోసారి అడిగాడు, అప్పుడూ వినపడలేదు. కారంతా ఒకటే స్వరంలో గూంయ్ మంటోంది. ఇంటికొచ్చాక కూడా ఆ స్వరం చెవుల్లోనే ఉంది.

ఆ స్వరం ఎక్కడిదో తర్వాత లెక్క వేశాను. మా కార్లకి 80 వేగంలో ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని వెనక్కి తెచ్చే పొడవాటి కడ్డీ) సెకనుకి దగ్గర దగ్గర 40 సార్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్‌లో ఆ షాఫ్ట్ తిప్పే చిన్న పళ్ల చక్రం, అంటే పినియన్‌కి, 12 పళ్లు అనుకుంటే, పన్ను పన్నునీ తాకడం సెకనుకి 480 సార్లు. 480 హెర్ట్జ్ అంటే మనిషి చెవికి చక్కగా వినిపించే మోత. ప్రతి డిఫరెన్షియల్ అంతో ఇంతో అలా పాడుతూనే ఉంటుంది. మామూలు కారులో అది రెండు రబ్బరు గడపలు దాటితేగాని లోపలికి రాదు. ఒకటి డిఫరెన్షియల్‌కీ చట్రానికీ మధ్య, రెండోది చట్రానికీ బాడీకీ మధ్య. మావాడు ఆ రెండు గడపల్నీ తీసేశాడు. ఇంకో సంగతి. రబ్బరు మీద కూర్చున్న బరువుకి తనదైన ఊగే వేగం ఒకటి ఉంటుంది. వచ్చే కంపనం దానికి 1.41 రెట్లు దాటాకే రబ్బరు దాన్ని ఆపడం మొదలుపెడుతుంది. బుష్ మెత్తగా ఉంటే ఆ గీత కిందికి దిగుతుంది, ఎక్కువ శబ్దాలు ఆగుతాయి. గట్టిగా ఉంటే గీత పైకి పోతుంది. అల్యూమినియానికి అసలు గీతే లేదు, వచ్చిందంతా లోపలికే.

మెకానిక్ అన్నకి అల్యూమినియం మీద ఇంకో భయం ఉంది. మా కారు తరానికి ముందుదైన ఈ46లో వెనక సబ్‌ఫ్రేమ్ పట్టుకునే చోట బాడీ రేకే పగలడం ప్రపంచమంతటా తెలిసిన జబ్బు. ఈ90లో అది అంత పెద్ద సమస్య కాదు. అయినా ఆయన మాట నాకు సబబుగానే తోచింది: "దెబ్బని ఎవురో ఒకరు మింగాల గదబ్బయా. బుష్ మింగకపోతే రేకు మింగుద్ది." ట్రాక్ మీద గుంతలుండవు. నాకు గుమ్మిడిపూండి దగ్గర నుంచి ఇంటి వీధి మూల దాకా ఉన్నాయి. పైగా సముద్రపు గాలి. ఉప్పు తేమలో అల్యూమినియం, ఉక్కు ఒకదాన్నొకటి తాకి ఉంటే మధ్యలో అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది, బుష్ చట్రంలోనే బిగుసుకుపోతుంది. మళ్లీ తీయాల్సి వస్తే ఎవరి ప్రాణానికో వస్తుంది.

అలా అల్యూమినియం పక్కకి పోయింది. డెల్రిన్ గురించి కూడా చదివాను. అది గట్టి ప్లాస్టిక్. దాని గట్టిదనాన్ని రబ్బరు కొలిచే షోర్ ఏ స్కేలు మీద కాకుండా షోర్ డి మీద కొలుస్తారు. రోడ్డు కారుకి అది కూడా అల్యూమినియానికి తమ్ముడే. దాని మీద ఎక్కువ సమయం పెట్టలేదు.

పాలీయురెథేన్ మీద మాత్రం నెల రోజులు పెట్టాను. అందరూ పాలీ వేయమనేవాళ్లే. పేరున్న పవర్‌ఫ్లెక్స్ కంపెనీ రంగుని బట్టి గట్టిదనం చెప్తుంది. పసుపు 70 షోర్ ఏ, ఊదా 80, నలుపు 95. మామూలు రబ్బరు బుష్ 50, 60 మధ్య ఉంటుంది. పాలీ మీద సాధారణంగా వినిపించే ఫిర్యాదు కిచకిచ చప్పుడు, బిగుసుకుపోవడం. న్యాయంగా చెప్పాలంటే ఆ ఫిర్యాదు సబ్‌ఫ్రేమ్‌కి పెద్దగా వర్తించదు. లింకుల బుష్షులు చక్రం లేచి దిగినప్పుడల్లా మెలి తిరగాలి, అక్కడ పాలీ అయితే గ్రీజు పెట్టుకోవాలి. సబ్‌ఫ్రేమ్ బుష్ మెలి తిరగదు, నలుగుతుంది అంతే. అందుకే కారులో పాలీ పెట్టడానికి అన్నిటికంటే అనువైన చోట్లలో ఇదొకటని నా అభిప్రాయం.

మరి ఎందుకు వద్దనుకున్నాను? బూట్ల వల్ల. ఇంట్లో బీరువాలో నాలుగేళ్లు దాచిన బూట్లు ఒక పెళ్లికని తీసి తొడుక్కుంటే, మండపం చేరేలోపు అడుగు ముక్కలు ముక్కలుగా రాలిపోయింది. చెన్నైలో చాలామందికి అనుభవమే. ఆ అడుగు పాలీయురెథేన్. వాడకపోయినా, గాల్లో తేమ, వేడి కలిసి దాని గొలుసుల్ని తెంచేస్తాయి. పాలియెస్టర్ రకం పాలీయురెథేన్‌కి ఈ జబ్బు ఎక్కువ. పాలియీథర్ రకం తేమకి బాగా తట్టుకుంటుంది. కాబట్టి మన తీరప్రాంతంలో పాలీ కొనేవాళ్లు గట్టిదనం కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదీ: ఎస్టరా, ఈథరా? నాకు దొరికిన సెట్లు అమ్మేవాళ్లలో ఒక్కరూ దానికి సమాధానం చెప్పలేకపోయారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి మా వీధిలో నా కారు చక్రాల సగం దాకా నీళ్లలో నిలబడి ఉంది. ఆ నీళ్లు గుర్తుండగా, సమాధానం రాని వస్తువుని కారు కింద పెట్టబుద్ధి కాలేదు.

మధ్యలో ఒక తొందరపాటు పని చేశాను. ఈ90 అసలు బుష్ మొత్తం రబ్బరు ముద్ద కాదు. మధ్యలో కిటికీల్లా ఖాళీలు వదులుతారు. ఖాళీ ఉన్న దిక్కున బుష్ మెత్తగా, లేని దిక్కున గట్టిగా ఉంటుంది. ఆ ఖాళీల్లో దూర్చడానికి పాలీ ముక్కలు అమ్ముతారు, ఇన్సర్టులంటారు. చట్రం పూర్తిగా దించక్కర్లేదు, ఒక పూటలో పని అయిపోతుంది. వేయించాను. మొదటి వారం కారు కొత్తగా అనిపించింది. మూడో వారానికి 'టక్' మళ్లీ వచ్చింది. ఊడిపోయిన రబ్బరు పక్కన ఎన్ని ముక్కలు దూర్చినా ఊడిపోయినది అతుక్కోదు కదా. ఇన్సర్టులు బాగున్న బుష్‌ని బిగించడానికి పనికొస్తాయి, చచ్చిన బుష్‌ని బతికించడానికి కాదు. మెకానిక్ అన్న ముందే చెప్పాడు. నేనే వినలేదు.

చివరికి రబ్బరు దగ్గరికే తిరిగొచ్చాను, కానీ పాత రబ్బరు దగ్గరికి కాదు. మా కారు తరంలోనే వచ్చిన ఎం3 కారుకి బీఎండబ్ల్యూ వాళ్లే ఇంకా బిగువైన రబ్బరు బుష్షులు వేశారు. అవి మామూలు ఈ90 చట్రంలో మార్పులేమీ లేకుండా పడతాయి. ఎక్కువ శక్తి ఉన్న కారుకి, రోజూ రోడ్డు మీద తిరిగే కారుకి, తయారుచేసినవాళ్లే ఎంచిన గట్టిదనం అది. నేను తల బద్దలు కొట్టుకుంటున్న లెక్కని నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎప్పుడో వేసి పెట్టారు.

సహజ రబ్బరు మీద నాకు గౌరవం పెరిగింది కూడా ఈ వెతుకులాటలోనే. బాగా సాగదీస్తే దాని అణువుల గొలుసులు ఒక వరుసలోకి వచ్చి గట్టిపడతాయి. అందువల్ల చిన్న చీలిక పుట్టినా అది పాకడం ఆలస్యమవుతుంది. ఇంజిన్ మౌంట్లకి ఇప్పటికీ సహజ రబ్బరు వాడటానికి అదొక కారణం. తిరువొత్తియూరులో 1946లో బొమ్మ బెలూన్లతో మొదలైన చిన్న షెడ్డే ఎంఆర్ఎఫ్ అయిన ఊరు మాది. రబ్బరు పాతకాలపు సరుకు అని ఇక్కడ ఎవరైనా అంటే నాకు ఇప్పుడు ఒప్పుకోబుద్ధి కాదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. చెన్నైలో పాత కార్ల విడిభాగాలు అమ్మే పుదుపేటలో పాత చట్రం బుష్షులతో సహా దొరుకుతుంది, ధర చూస్తే ఆశ పుడుతుంది. చట్రం కావాలంటే తీసుకోండి, అందులోని బుష్షులు మాత్రం వద్దు. రబ్బరు తిరగకపోయినా వయసు మీద పడుతుంది. కొత్తది కొన్నా, దాని మీద అచ్చుపోసిన తయారీ తేదీ చూడండి. నేను ఒక సెట్ ఆ తేదీ చూసే వెనక్కిచ్చేశాను. రెండోసారి వచ్చినవి తీసుకున్నాను, నాలుగూ ఎం3వే. 

బిగించడానికి రెండు రోజులు పట్టింది. ఎగ్జాస్ట్ వదులు చేశారు, హ్యాండ్ బ్రేక్ తీగలు, ఏబీఎస్ వైర్లు, బ్రేక్ గొట్టాలు లాగకుండా విడిపించారు. చట్రం మొత్తం దించకుండా ఒక్కో వైపు కొంత దించి, పొడవాటి మరల రాడ్‌తో పాత బుష్‌ని బయటికి లాగారు. ఆ రాడ్‌కి కావాల్సిన గిన్నెలు పక్క వీధిలో లేత్ మీద తిప్పించాం. మొదటి బుష్ రావడానికి మూడు గంటలు, నాలుగోది ఇరవై నిమిషాలు.

కొత్త బుష్షులు ముందు రాత్రి మా ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టాను. 60 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉక్కు గొట్టం 50 డిగ్రీలు చల్లబడితే 0.04 మిల్లీమీటరు దాకా కుదించుకుంటుంది. వినడానికి తక్కువే. ప్రెస్ మీద ఉన్నవాడికి ఆ మాత్రం చాలు. ఎక్కించేటప్పుడు పూయడానికి సబ్బు నీళ్లే వాడారు. కుర్రాడొకడు గ్రీజు డబ్బా అందుకోబోతే అన్న చేతి మీద కొట్టినంత పని చేశాడు, ఖనిజ నూనె తగిలితే సహజ రబ్బరు ఉబ్బుతుంది. పాత బుష్ ఏ దిక్కుకి తిరిగి ఉందో తీసే ముందే చట్రం మీద పెయింట్‌తో గీశారు, కొత్తది సరిగ్గా ఆ గీతకే. దిక్కు తప్పితే మెత్తగా ఉండాల్సిన వైపు గట్టిగా అవుతుంది, పని మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. వదులు చేసిన లింకు బోల్టుల చివరి బిగింపు కారు చక్రాల మీద నిలబడిన ఎత్తులోనే చేశారు. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే ఆ రబ్బరు జీవితాంతం మెలితిరిగే ఉంటుంది. సబ్‌ఫ్రేమ్ బోల్టులు కొత్తవే వేశాం, టార్క్ రెంచ్‌తో.

అలైన్‌మెంట్ చేయించి బయటికి వచ్చాక మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే తెలిసిపోయింది. మొద్దు శబ్దం పోయి, పొట్టిగా ఒక్క దెబ్బ వినిపించింది. లేన్ మారితే ముందూ వెనకా కలిసే కుదురుకున్నాయి. తర్వాతి నెలలో యేర్కాడ్ వెళ్లాం. ఇరవై హెయిర్‌పిన్ మలుపులు ఎక్కి దిగాను. మధ్యలో కాలు తీసినప్పుడు వెనక భాగం నా అనుమతి లేకుండా ఏమీ చేయలేదు. బావమరిది కారంత పదునుగా లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పొందినదానికి చెల్లించింది కూడా ఉంది. కాంక్రీటు రోడ్డు మీద గరగర ముందుకంటే కొంచెం ఎక్కువ. 80 దగ్గర చెవి పెట్టి వింటే సన్నని మోత ఉంది. పాట పెడితే వినిపించదు.

నా కారు నడిపి చూశాక బావమరిది సబ్‌ఫ్రేమ్ అల్యూమినియం అలాగే ఉంచి, డిఫరెన్షియల్ పాలీ ఒక్కటి తీసి రబ్బరు వేయించాడు. ఒక గడప తిరిగి వచ్చింది. ఇప్పుడు వాడి కారులో 80 దగ్గర మాట్లాడితే వినపడుతుంది, ట్రాక్ మీద పదును పెద్దగా తగ్గలేదంటున్నాడు. ట్రాక్ కారుకి అది సరైన లెక్కేనని నాకూ అనిపిస్తోంది.

ఇది జరిగి 12,000 కిలోమీటర్లయింది. మొన్న సర్వీసుకి లిఫ్ట్ ఎక్కించినప్పుడు ముందుగా చూసింది ఆ పెయింట్ గీతల్నే. నాలుగూ ఎక్కడివక్కడే ఉన్నాయి. టైర్ల లోపలి అంచు అరుగుదల ఆగింది. డిఫరెన్షియల్ బుష్‌లో ఒకదాని మీద సన్నని పగుళ్లు కనిపిస్తున్నాయని అన్న టార్చి వేసి చూపించాడు. సంక్రాంతికి ఊరు వెళ్లొచ్చాక అవి మారుస్తాం. వాటికి మామూలు రబ్బరే వేయమని చెప్పాను.